నీళ్ళ తేటను నమ్ముకున్న ఓడ

1940 ఆగస్టు 29న, అమెరికాలోని నెవాడా రాష్ట్రం అంచున, ఒక కొండ సరస్సులో, గ్లెన్‌బ్రూక్ అనే చిన్న రేవు ఎదుట, ‘టాహో’ అనే ఆవిరి ఓడను దాని సొంతవాళ్ళే ముంచేశారు. ఆ రోజు తుఫాను లేదు, ఓడ రాయికి తగల్లేదు, మంట రేగలేదు. ఓడను అవతలి ఒడ్డు నుంచి లాక్కొచ్చి, అడుగున కవాటాలు తెరిచి, నీళ్ళను లోపలికి రానిచ్చారు. నలభై నాలుగేళ్ళ కిందట ఏ రేవులో అది మొదటిసారి తేలిందో, ఆ రేవులోనే దాన్ని నీళ్ళకు అప్పగించారు.

ముంచినవాడు విలియం బ్లిస్. ఓడను కట్టించిన డ్యుయేన్ బ్లిస్ కొడుకు. తండ్రి కట్టించిన ఓడ తుక్కు ఇనుముగా ముక్కలు కావడం చూడలేక, దాన్ని తిరిగి కొని మరీ ముంచాడు. ముంచడంలో ఆయనకొక ఆశ ఉంది. లోతు తక్కువైన చోట ఓడ నేలమీద కూర్చుంటుంది, పైన అద్దపు అడుగున్న పడవల్లో యాత్రికులు తిరుగుతూ కిందికి చూస్తారు, ఆ తేటనీళ్ళలో ఓడ కలకాలం కనిపిస్తూనే ఉంటుంది అనుకున్నాడు.

ఓడ అక్కడ ఆగలేదు. నేలను తాకి, వాలు మీద జారి, ఇంకా జారి, చీకట్లోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు దాని ఒక కొన 360 అడుగుల దగ్గర, రెండో కొన 470 అడుగుల దగ్గర ఉన్నాయి. ఓడ మొత్తం పొడవే 169 అడుగులు. అందులో కొనకూ కొనకూ నూట పది అడుగుల ఎత్తు తేడా అంటే, ఆ వాలు ఎంత నిటారుగా ఉందో ఊహించుకోవచ్చు. ఇన్నేళ్ళు ఆ ఒడ్డున బతికిన కుటుంబానికి నీళ్ళ రంగు తెలుసు, అలల తీరు తెలుసు. నీళ్ళ కింద నేల మాత్రం తెలియలేదు.

బ్లిస్‌ది పిచ్చి ఆశ అనలేం. ఆ నీళ్ళను చూసిన ఎవరైనా అలాగే అనుకునేవారు. 1861లో మార్క్ ట్వేన్ అక్కడ పడవ మీద పడుకుని కిందికి చూస్తూ పొద్దుపుచ్చాడు. కింద రాళ్ళు అంత స్పష్టంగా కనిపిస్తుంటే, తాను నీటి మీద కాక గాలిలో తేలుతున్నట్టు అనిపించిందని తర్వాత ‘రఫింగ్ ఇట్’లో రాశాడు. (అదే ప్రయాణంలో వంట నిప్పును వదిలేసి కొండ అడవికి అంటించినట్టు కూడా రాసుకున్నాడు. ఆ సరస్సును ప్రేమించినవాళ్ళలో చాలామంది దానికి ఏదో ఒక చేటు చేసే వెళ్ళారు.)

కాలిఫోర్నియా, నెవాడాల సరిహద్దు మీద 6,225 అడుగుల ఎత్తున ఉంది లేక్ టాహో. పొడవు 35 కిలోమీటర్లు, వెడల్పు 19. ఎక్కువలో ఎక్కువ లోతు 1,645 అడుగులు. అరవై మూడు వాగులు వచ్చి కలుస్తాయి, బయటికి పోయేది ట్రకీ నది ఒక్కటే. అందులో పడిన నీటి చుక్క బయటపడటానికి సగటున ఆరువందల ఏళ్ళకు పైనే పడుతుందని లెక్కగట్టారు. చుట్టూ మంచు పేరుకున్నా సరస్సు గడ్డకట్టదు. అంత నీటిని చల్లార్చి గడ్డకట్టించడానికి ఒక శీతాకాలం చాలదు. ఐరోపావాళ్ళు రాకముందు వేసవుల్లో వాషో జాతివాళ్ళు కొండ కింది నుంచి వచ్చి ఈ ఒడ్డున చేపలు పట్టుకుని, చలికి ముందే దిగిపోయేవారు. వేల ఏళ్ళు అలా వచ్చి వెళ్ళినా నీళ్ళు మాసిపోలేదు.

తర్వాత వచ్చినవాళ్ళకు సరస్సు కన్నా ముందు చెట్లు కనిపించాయి. 1859లో నెవాడాలో కామ్‌స్టాక్ వెండి గనులు బయటపడ్డాయి. నేల కింద ఎంత తవ్వితే అంత కలప కావాలి, పైకప్పు కూలకుండా దుంగల చట్రాలు పేర్చుకుంటూ పోవాలి. ఆ కలప అందించిన పెద్ద వ్యాపారి డ్యుయేన్ బ్లిస్. 1873లో ఆయనా, భాగస్వాములూ కలిసి కార్సన్ అండ్ టాహో లంబర్ అండ్ ఫ్లూమింగ్ కంపెనీ పెట్టారు. చెట్లు కొట్టి సరస్సులో తేల్చి, ఆవిరి పడవలతో గ్లెన్‌బ్రూక్‌కు లాగించి, అక్కడి రంపపు మిల్లుల్లో కోయించి, చిన్న రైలు మీద కొండ అంచుకు ఎక్కించి, అక్కణ్ణుంచి చెక్క కాలువల్లో నీటితోపాటు కిందికి జార్చేవారు. సరస్సు చుట్టూ ఉన్న పైన్ అడవుల్లో చాలా భాగం అలా దిగిపోయి, వర్జీనియా సిటీ కింద సొరంగాల్లో చేరింది. ఇవాళ అక్కడ పచ్చగా కనిపించే అడవి ఎక్కువగా ఆ తర్వాత మొలిచిందే. 1890ల నాటికి గనులూ చల్లబడ్డాయి, కొట్టడానికి చెట్లూ పెద్దగా మిగల్లేదు.

బ్లిస్ గట్టివాడు. కలప అయిపోయిందని కూర్చోలేదు, చెట్లు లేని ఒడ్డుకు యాత్రికులను తేవాలనుకున్నాడు. అడవిని మోసిన రైలు పట్టాలనే ఊడబీకి, సరస్సు దాటించి, టాహో సిటీ నుంచి ట్రకీ దాకా మళ్ళీ వేయించాడు. ఒడ్డున టాహో టావర్న్ అనే పెద్ద హోటల్ లేచింది. వీటన్నిటికీ ముందే, 1896లో, ఓడ వచ్చింది.

దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూనియన్ ఐరన్ వర్క్స్ వాళ్ళు తయారు చేశారు. సముద్రపు ఒడ్డున విడిభాగాలుగా పుట్టిన ఓడ రైలెక్కి కార్సన్ సిటీకి వచ్చి, బళ్ళ మీద కొండెక్కి, గ్లెన్‌బ్రూక్ ఒడ్డున ఒక్కటైంది. ఉక్కు ఒళ్ళు, సన్నని పొడుగాటి ఆకారం. లోపల టేకు, మహాగని చెక్కపని, ఇత్తడి మెరుపులు, తోలు కుర్చీలు, కరెంటు దీపాలు, చలికి ఆవిరితో వెచ్చబడే గదులు. రెండు వందల మంది ఎక్కగలిగేవారు. ఆ కొండల్లో అప్పటికి అంత సుఖం ఇళ్ళల్లో కూడా లేదు. 1896 జూన్ 24న అది నీటిలోకి దిగింది. ఆ తర్వాత వేసవి అంతా రోజూ సరస్సు చుట్టివచ్చేది. మనుషులు, సరుకులు, పాలు, కబుర్లు, అన్నిటికీ మించి ఉత్తరాలు. రోడ్డు లేని ఊళ్ళకు తపాలా ఓడ రాకే పొద్దు. చెక్క జెట్టీ మీద ఊరంతా నిలబడి ఎదురుచూసేది. సరస్సుకు రాణి అనేవారు దాన్ని.

ఆ రాణి తిరిగిన రోజుల్లోనే నీళ్ళ కింద ఇంకొక వంశం అంతరించింది. లహాంటన్ కట్‌త్రోట్ అనే ట్రౌట్ చేప ఆ సరస్సు సొంత బిడ్డ. 1911లో అక్కడ పట్టిన ఒక చేప ముప్ఫై ఒక్క పౌన్ల పైన తూగింది. అంటే పద్నాలుగు కిలోలు. వలలు వేసి పట్టి, మంచులో పెట్టి, దూరపు నగరాల హోటళ్ళకు పంపేవారు. గుడ్లు పెట్టే వాగుల్లో మిల్లుల రంపపుపొట్టు పేరుకుంది. బయటి నుంచి తెచ్చి వదిలిన లేక్ ట్రౌట్ వీటి పిల్లలను తినేసింది. 1917లో చేపల వ్యాపారాన్ని నిషేధించారు, అప్పటికే ఆలస్యమైంది. 1939 నాటికి టాహోలో ఆ జాతి లేదు. ఓడ మునగడానికి ఒక్క ఏడాది ముందు.

ఓడను చంపింది రోడ్డు. సరస్సు చుట్టూ ఒక్కో ముక్కే దారి పడుతూ వచ్చింది. కారున్నవాడు ఓడ కోసం ఎందుకు ఆగుతాడు? 1934లో తపాలా కాంట్రాక్టు కూడా పోయింది. ఉత్తరాలు మోయని ఓడ కోసం ఏ ఊరూ జెట్టీ మీద నిలబడలేదు. ఆరేళ్ళు టాహో సిటీ దగ్గర కట్టేసి ఉండిపోయింది. రంగు పెచ్చులూడింది, ఉక్కు తుప్పు పట్టింది. ఆ చివరి రోజుల్లోనే బ్లిస్ కొడుకు దాన్ని కొన్నాడు.

ఓడ ఎందుకు జారిపోయిందో తెలియాలంటే గ్లెన్‌బ్రూక్ వదిలి సరస్సుకు అడ్డంగా పడమటి ఒడ్డుకు, రూబికాన్ పాయింట్‌కు వెళ్ళాలి. స్కూబా డైవింగ్ చేసేవాళ్ళు ఆ చోటును ‘రూబికాన్ వాల్’ అంటారు, గోడ అని. ఒడ్డున ఇంటి కన్నా పెద్ద గ్రానైట్ బండలు నీటిలోకి దిగి ఉంటాయి. వాటి మధ్య నుంచి ఈదుకుంటూ కొంచెం ముందుకు పోతే అడుగు ఉన్నట్టుండి మాయమవుతుంది. బండ నిలువునా తెగి, కింద నీలం, దాని కింద ముదురు నీలం, దాని కింద నలుపు. గోడ వందల అడుగులు దిగిపోతుంది. డైవర్ దిగేది అందులో పైపై అంచు మాత్రమే.

ఇది కట్టిన గోడ కాదు, కుంగిన నేల. పడమటి సియెరా నెవాడాకూ, తూర్పున కార్సన్ శ్రేణికీ మధ్య భూమి పగుళ్ళ వెంబడి లోపలికి దిగబడిపోయి ఆ పల్లం ఏర్పడింది. పక్కలు నిటారుగానే ఉండిపోయాయి. తూర్పు ఒడ్డు ఎదుట ఓడ జారిన వాలుకూ, పడమటి ఒడ్డున డైవర్లు వేలాడే గోడకూ మూలం ఆ కుంగుబాటే.

అక్కడ దిగడం అనుకున్నంత తేలిక కాదు. వేసవిలో పైనీళ్ళు హాయిగానే ఉంటాయి. కొంత లోతుకు వెళ్ళాక ఒక పొర దాటగానే చలి ముఖాన్ని కోస్తుంది. ఇంకా లోతున ఏడాది పొడవునా నాలుగైదు డిగ్రీల సెల్సియస్సే. నీరు ఒంటికి తగలని డ్రైసూట్ వేసుకోవాలి. గాలి అందించే రెగ్యులేటర్ ఆ చలికి బిగుసుకుని, ఆగకుండా గాలి వదిలేసే ప్రమాదం ఉంది. ఎత్తు ఇంకొక చిక్కు. సముద్రంలో 33 అడుగులు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. టాహోలో పైన గాలే పలుచన, 27 అడుగులకే రెట్టింపు. ఎంత లోతున ఎంతసేపు ఉండవచ్చో సముద్రానికి రాసిన పట్టికలు ఇక్కడ పనికిరావు, లోతును ఇంకా ఎక్కువగా లెక్కించుకోవాలి. పైకి వచ్చాక కూడా గండం గడవదు. కాలిఫోర్నియా వైపు ఇంటికి పోవాలంటే 7,000 అడుగులు దాటిన కనుమ ఎక్కాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోయేదాకా ఒడ్డునే ఆగి, ఆ తర్వాతే కారెక్కాలి.

ఇంత కష్టం దేనికంటే ఆ తేట కోసమే. గోడ పక్కన వేలాడుతూ చుట్టూ చూస్తే ఎక్కడో దూరాన తోటి డైవర్ వదిలిన బుడగలు ఒక్కొక్కటీ కనిపించాలి. వెలుతురు బండ మీద గళ్ళుగళ్ళుగా ఆడాలి. చేపలు పెద్దగా ఉండవు, పగడాలు ఉండవు. రాతి పగుళ్ళలో మీసాలాడించే క్రేఫిష్‌లు కూడా పందొమ్మిదో శతాబ్దంలో బయటి నుంచి వచ్చినవే. ఇక్కడ చూడాల్సింది నీటిని, దాని గుండా కనిపించే ఖాళీని.

ఆ తేట ఇప్పుడు అప్పటిది కాదు. చార్లెస్ గోల్డ్‌మన్ అనే సరస్సుల శాస్త్రవేత్త, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ నుంచి వచ్చి, దాన్ని పట్టుబట్టి కొలిపించాడు. కొలిచే సాధనం అన్నం తినే కంచమంత తెల్లటి పళ్ళెం. దాన్ని తాడుకు కట్టి దించుతారు, ఏ లోతున కంటికి కనబడకుండా పోతుందో రాసుకుంటారు. 1968లో ఏడాది సగటు 102.4 అడుగులు. 1997 నాటికి 64 దగ్గరికి పడిపోయింది. 2017లో అరవై కన్నా తగ్గింది. 2024లో 62.3 అడుగులు. ముప్ఫై ఏళ్ళలో దాదాపు నలభై అడుగుల వెలుతురు పోయింది, ఆ తర్వాత నిలకడగా తిరిగి రాలేదు.

ఎలా పోయిందంటే, మళ్ళీ రోడ్డు దగ్గరికే రావాలి. 1960లో ఆ పక్క లోయలోనే శీతాకాలపు ఒలింపిక్స్ జరిగాయి. ప్రపంచం టీవీలో ఆ కొండలను చూసింది. హోటళ్ళు, కాసినోలు, వేసవి ఇళ్ళు, పార్కింగ్ స్థలాలు లేచాయి. దక్షిణ ఒడ్డున ఎగువ ట్రకీ నది నీటిని వడపోసే పెద్ద చిత్తడినేలలో కొంత భాగాన్ని తవ్వి, టాహో కీస్ అనే ఇళ్ళ కాలనీ, పడవల కాలువలు కట్టారు. కార్ల కింద నలిగిన ఇసుక కంటికి కనిపించనంత సన్నటి పొడిగా మారి, వానకూ, కరిగే మంచుకూ కొట్టుకొచ్చి సరస్సులో చేరుతుంది. అది త్వరగా అడుగుకు దిగదు, నీటిలో వేలాడుతూ వెలుతురును చెదరగొడుతుంది. అలాంటి పొడిలో 72 శాతం ఊళ్ళ నుంచీ, రోడ్ల నుంచీ వస్తున్నదే అని లెక్క తేలింది. ఓడ పొట్ట కొట్టిన రోడ్డే, ఓడ నమ్ముకున్న తేటనూ కొట్టింది.

ఇంకొకటి మంచి ఉద్దేశంతోనే చేసింది, అదే నాకు ఎక్కువ బాధ. 1963 నుంచి 65 మధ్య చేపల శాఖలవాళ్ళు మైసిస్ అనే చిన్న రొయ్యను తెచ్చి సరస్సులో వదిలారు. ట్రౌట్లకు మేత అవుతుందని. ఆ రొయ్య పగలు లోతు చీకట్లోకి దిగిపోయి చేపలకు దొరక్కుండా, రాత్రి పైకి వచ్చి డాఫ్నియా అనే నీటి పురుగులను తినేసింది. డాఫ్నియా నాచునూ, సన్నటి పొడినీ తిని నీటిని కడిగే జీవి. 1970ల మొదటికల్లా అది దాదాపు కనబడకుండా పోయింది. 2021 చివర్లో మైసిస్ దానంతటదే కూలిపోయింది. డాఫ్నియా తిరిగి తలెత్తింది, 2022 చివరి ఐదు నెలల సగటు 80 అడుగులు దాటింది. ఆ నీటి పురుగు ఏం పని చేసేదో అప్పుడు అందరూ కళ్ళారా చూశారు. ఆ మెరుగు నిలవలేదు.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. విలియం బ్లిస్ కోరినట్టే ఓడ జారకుండా డెబ్భై అడుగుల్లో ఆగి ఉన్నా, ఈనాడు అద్దపు పడవలో కూర్చున్న యాత్రికుడికి చాలా రోజుల్లో నీలం తప్ప ఏమీ కనిపించేది కాదు. ఓడ ఒక్క రోజులో మునిగింది, తేట ఇంకా మునుగుతూనే ఉంది.

ఓడ దగ్గరికి మనుషులు మళ్ళీ వెళ్ళింది 2002లో. సాధారణ గాలితో అంత లోతు దిగితే మత్తు కమ్ముతుంది, ఊపిరి విషమవుతుంది. హీలియం కలిపిన వాయువులు పీలుస్తూ దిగారు. కింద ఉండగలిగింది నిమిషాలు, పైకి రావడానికి చలిలో ఆగి ఆగి గంటలు. 2004లో ఓడను చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేర్చారు. చెక్కను తొలిచే సముద్రపు పురుగులు మంచినీటిలో ఉండవు, చలి కుళ్ళును అదుపులో ఉంచుతుంది. తుక్కుగా అమ్మి ఉంటే ఈ మాత్రమూ మిగిలేది కాదు. కొడుకు అనుకున్నది జరగలేదు కానీ, కాపాడాలనుకున్నదాన్ని కాపాడాడు.

రూబికాన్ గోడ ఉన్న ఒడ్డు పేరు డి. ఎల్. బ్లిస్ స్టేట్ పార్కు. డి. ఎల్. అంటే ఆ డ్యుయేన్ బ్లిస్సే. 1929లో ఆ కుటుంబం 744 ఎకరాలు ప్రభుత్వానికి ఇచ్చింది. చుట్టూ అడవిని కొట్టించినవాడి పేరు మీదే అక్కడ చెట్లను కాపాడుతున్నారు. దాన్ని వెటకారంగా తీసుకోనక్కర్లేదు. చెట్లు కొట్టిన ఇల్లే నేల దానమిచ్చింది, రెండూ నిజమే. చెట్లు తిరిగి మొలిచాయి కూడా. నీటి విషయంలో అది అంత తేలిక కాదు. ఆరువందల ఏళ్ళు లోపలే తిరిగే నీటికి చేసిన చేటు త్వరగా పోదు. 1968 నాటి తేటకు దగ్గరగా చేరాలని ప్రభుత్వాలు పెట్టుకున్న గడువు ఈ శతాబ్దపు డెబ్భైల దాకా ఉంది.

డైవర్లు మాత్రం గడువు కోసం ఆగలేదు. 2021 మే నుంచి 2022 మే దాకా సరస్సు చుట్టూ 72 మైళ్ళ ఒడ్డు వెంబడి, 25 అడుగుల లోతు వరకు, ఈదుతూ చెత్త ఏరారు. పైకి తెచ్చింది 25,281 పౌన్లు, అంటే పదకొండు టన్నులకు పైన. 2023లో దక్షిణ ఒడ్డు దగ్గర న్యూజిలాండ్ మడ్‌స్నెయిల్ అనే గింజంత నత్తను మొదట పట్టుకున్నదీ పనిమీద దిగిన డైవర్లే. 2024 అక్టోబరులో, కొండ దిగితే వచ్చే స్టాక్టన్ రేవులో గోల్డెన్ మస్సెల్ అనే ఆల్చిప్ప దొరికింది. ఉత్తర అమెరికాలో అదే మొదటిసారి. అది టాహోలో కాలు పెడితే రాళ్ళనూ, పైపులనూ, ఓడలనూ కప్పేస్తుంది.

శాన్‌హోసే, ఫ్రీమాంట్, శాక్రమెంటోల నుంచి వేసవి సెలవులకు టాహో వెళ్ళే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మోటారు పడవలను అక్కడ తనిఖీ లేకుండా నీటిలో దించనివ్వరు. కారు మీద కట్టుకెళ్ళే కయాక్, గాలి నింపే పడవ, ప్యాడిల్‌బోర్డు, పిల్లల నీటి బూట్ల విషయంలో తనిఖీ చాలావరకు మన చేతుల్లోనే ఉంటుంది. అంతకుముందు వారం వాటిని స్టాక్టన్ దగ్గరి నదీ డెల్టాలోనో, ఇంకొక చెరువులోనో వాడి ఉంటే, బయల్దేరేముందు ఇంటి దగ్గరే బాగా కడగండి. మడతల్లో మిగిలిన నీళ్ళు వంపేయండి. పూర్తిగా ఎండాకే కారెక్కించండి.